గ్లాసు కుడిపక్కన పెట్టిన రాజక్క

పోయిన గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు రాజక్క కన్నుమూసింది. ముందు చేట, చేటలో బియ్యం. రాళ్లు ఏరుతూ ఏరుతూనే గోడకు ఒరిగిపోయిందట. ఫోన్ చేసినవాడు ఎల్లయ్య, పన్నెండేళ్లుగా ఆమె దగ్గర రెండు పూటలా తింటున్న మరమగ్గాల కార్మికుడు. "సేటూ, రాజక్క..." అని ఆగాడు. ఆ ఒక్క క్షణంలో నాకు తోచిందేమిటో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. అయినా చెబుతాను. బియ్యంలో రాళ్లున్నాయని మళ్లీ తిట్టి పంపిందనుకున్నాను. ఆ బస్తా వెళ్లింది నా దుకాణం నుంచే మరి. ఆమె ఎంత తగ్గించమంటుంది, నేను ఎక్కడ ఆపాలి అని అప్పుడే మనసులో సర్దుకుంటున్నాను. "...పోయింది సేటూ" అన్నాడు ఎల్లయ్య. ఇరవై రెండేళ్లుగా నడుస్తున్న బేరం ఆ మాటతో తెగిపోయింది. 

మన సమాజం పత్రికకు సంస్మరణ రాయమన్నారు. "అన్నపూర్ణ అస్తమయం" అని శీర్షిక కూడా వారే పంపారు. ఆ శీర్షిక పెట్టలేదు, క్షమించాలి. ఆమెకు అది గిట్టదు. మన భివండీ శాంతి నగర్‌లో రాజక్క నడిపింది బిస్సీ. ఊళ్లో పెళ్లాం పిల్లల్ని వదిలి ఒంటరిగా వచ్చిన మరమగ్గాల కార్మికులు నెలకింతని కట్టి తినే ఇల్లన్నమాట. ఒకసారి ఎవరో పెద్దమనిషి సభలో ఆమెను సాక్షాత్తు అన్నపూర్ణాదేవి అన్నాడు. ఆమె ముందు వరుసలోంచే అందుకుంది. "అన్నపూర్ణ నెలకు పైసలు తీసుకుంటదా సారూ? నేను తీసుకుంట. లేటయితే లొల్లి పెడుత. నన్ను దేవతను చేస్తే రేపటికెల్లి అందరు ఉత్తగనే తింటరు." సభ నవ్వింది. పెద్దమనిషి కూడా నవ్వాడు గాని, ఆ తరువాత ఆమె వైపు చూడలేదు.

రాజక్కది కరీంనగర్ దిక్కు. సెంటు భూమి లేని ఇల్లు. మరమగ్గాలను మనవాళ్లు సాంచలంటారు కదా, ఆ సాంచల మీద పనికని భర్తతో వచ్చింది. దూది దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. ముప్ఫై ఏళ్లకే ఒంటరిదైంది. అప్పుడు మన సేవా సంఘం ఔదార్యంతో స్పందించింది. వేదిక మీద ఆమెకు కుట్టుమిషన్ బహూకరించింది. బహూకరించిన చేతులు నావే. మాది మూడు తరాల కిరాణా కొట్టు. సంఘానికి ఏది కొనాలన్నా బేరానికి నన్నే పంపేవారు, అట్లా కార్యదర్శినయ్యాను. వారం తిరగకముందే మిషన్ను చిన్న బండి మీద వేయించుకుని రాజక్క నా దుకాణం ముందు దిగింది.

"దీన్ని అమ్ముత సేటూ. తీసుకుంటవా?"

"సంఘం ఇచ్చిన దానమమ్మా అది! అమ్ముకుంటారా ఎవరన్నా?"

"నాకు కుట్టుడు రాదు. వస్తదా అని మీల ఒక్కలన్న అడిగిన్రా? మొగుడు సచ్చిన ఆడదానికి మిషన్ ఇయ్యాలె, గంతేనా? నాకు వంటొస్తది. రెండు పెద్ద గిన్నెలు, ఒక గ్యాస్ పొయ్యి కావాలె."

నేను చేసిన ఘనకార్యం వినండి. సగం ధరకు ఆ మిషన్ కొన్నాను. సగం కన్నా ఇంకొంచెం తక్కువకే, నిజానికి. మరుసటి ఏడు సంఘం మరో వితంతువుకు మిషన్ ఇవ్వాలనుకుంటే అదే మిషన్ను తుడిచి, నూనె వేసి, నేనే సరఫరా చేశాను. ఆ సభకూ రాజక్క వచ్చింది. చక్రం పక్కనున్న గీతను గుర్తుపట్టింది. పోతూ పోతూ నా చెవిలో, "ఈమెకన్న కుట్టుడొస్తదా, అడిగినవా?" అంది. అడగలేదు.

ఇంత సిగ్గుమాలిన పరిచయం ఇరవై రెండేళ్ల స్నేహమెలా అయిందంటే, నాతో బేరంలో గెలిచిన మనిషి భివండీలో ఆమె ఒక్కతే. నెలనెలా బియ్యం, కందిపప్పు నా దగ్గరే తీసుకునేది. నేను ధర చెబితే ఆమె జవాబు చెప్పేది కాదు. బస్తా మీద కూర్చుని, గుప్పెడు బియ్యం అరచేతిలో పరిచి, రాళ్లేరి ఒక్కొక్కటే నా కాగితాల మీద పెట్టేది. నాలుగో రాయికి నేనే దిగొచ్చేవాణ్ని.

ఒక శుక్రవారం, సాంచలకు సెలవురోజు, సంఘం పని మీద ఆమె బిస్సీకి వెళ్లాను. కార్మికులు రెండు వరుసల్లో కూర్చుని తింటున్నారు. అందరికీ నీళ్ల గ్లాసు ఎడమపక్కనే ఉంది. ముగ్గురికి మాత్రం కుడిపక్కన పెట్టి ఉంది. తినే చేతికి అడ్డం కదా అని, పెద్దరికం కొద్దీ వంగి ఒకాయన గ్లాసు ఎడమకు జరిపాను. రాజక్క గంటె పట్టుకుని వచ్చింది.

"ముట్టకు! ఆయనకు ఎడమకన్ను లేదు. ఆ దిక్కు పెడితే కనబడక తన్నుతడు. అన్నమంత నీళ్లయితది."

అప్పుడు చూశాను. ముగ్గురికీ ఎడమకన్ను లేదు. సాంచలో పేక నూలు మోస్తూ నాడె ఆ కొస నుంచి ఈ కొసకు కొడుతుంటుంది. కొసకు ఇనుప మొన, నడకలో తుపాకి గుండు. పడుగులో ఒక్క పోగు చిక్కుపడితే చాలు, దారి తప్పి బయటికి దూకుతుంది. ఎదురుగా మొహం ఉంటే మొహం మీదికి వస్తుంది. సాంచల మధ్యనే పుట్టి పెరిగినవాణ్ని, ఇదంతా నాకు తెలియనిది కాదు. అయితే నేను చూసింది ప్రమాదాలను. ఆమె చూసింది గ్లాసు ఎటు పెట్టాలో.

మన సంఘం ఏటేటా ఉచిత నేత్ర శిబిరం నిర్వహిస్తుందని పాఠకులకు తెలుసు. వైద్యులు, మందులు, కన్ను పోయినవారికి నల్లద్దాలు, ఒక డబ్బుల కవరు, వరాలా తలావ్ అనే చెరువు దగ్గరి హాలులో భోజనాలు. ఆ శిబిరం నాకెంతో గర్వకారణం. నల్లద్దాల బేరం నేను చేసినట్టు ముంబైలో ఎవరూ చేయలేరు. ఒక శిబిరంలో రాజక్క వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"సేటూ, సాంచకు ముందట అడ్డం ఒక ఇనుపకడ్డీ పెడుతరట కద. నాడె ఎగిరినా దానికే తగిలి పడుతదట. నిజమేనా?"

"నిజమే. అడ్డకడ్డీ అంటారు. రూల్ కూడా ఉంది."

"మరి ఏ సాంచకు లేదేంది?"

"అక్కా, సంఘం సేవ చేస్తుంది. సాంచలు సేట్లవి. వచ్చే ఏటినుంచి శిబిరం రెండుసార్లు పెడదాంలే."

"ఒకటి అడిగితే అది ఇయ్యక, ఇంకోటి రెండిస్తనంటవ్. ఇదేం బేరం?"

ఆ మాట పట్టుకుని రెండేళ్లు నా వెంట పడింది. నేను తలావ్ చుట్టూ సాయంత్రం నడకకు వెళితే అక్కడికే వచ్చేది. సేట్ల మధ్య నడుస్తుంటే వెనక నుంచి, "కడ్డీ సంగతేమాయె?" అని కేక. మిత్రులు నవ్వేవారు, "నీ బాకీవాళ్లలో ఇదొక కొత్త రకమా?" అని. చివరికి విసిగి సంఘంలో తీర్మానం చేయించాను. ఒక కార్ఖానాకు, పదహారు సాంచలకు, అడ్డకడ్డీలు దానం. ఏ కార్ఖానా అంటారా? మా బావతో కలిసి సగం వాటాకు నేను కొన్నదే. అవును, నాకూ సాంచలున్నాయి, పదహారులో ఎనిమిది. సేట్లు అని ఇందాక మూడోవాళ్ల గురించి అన్నట్టు అన్నాను, మీరు గమనించారో లేదో.

కడ్డీలు బిగించిన రోజు ఫొటోలు, పూలదండలు. ప్రతి కడ్డీ మీద తెల్లరంగుతో దాత పేరు. రాజక్క వచ్చి ఒక్కో కడ్డీని చేత్తో ఊపి చూసింది, బియ్యం చూసినట్టే. "మంచిగుంది" అంది. ఇరవై రెండేళ్లలో ఆమె నోట నా మాల్ గురించి విన్న ఏకైక ప్రశంస అది.

మూడు నెలలకు కార్ఖానాకు వెళితే ఒక్క సాంచకూ కడ్డీ లేదు. పద్నాలుగు మూలకు ఆనించి ఉన్నాయి. రెండు కార్మికుల గదిలో లుంగీలు ఆరేసుకునే దండేలయ్యాయి. ఒకదాని మీద లుంగీ అంచు కింద దాత పేరు తెల్లగా మెరుస్తోంది. ఎవరు విప్పారని అరిచాను. వాళ్లే విప్పారు. పానా పెట్టి, ఒకరి తరువాత ఒకరు. నాకు లోలోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. నేరుగా బిస్సీకి నడిచాను.

"చూసినవా అక్కా? మీవాళ్ల కళ్లు మీవాళ్లకే అక్కర లేదు! సంఘం ఇస్తే బట్టలారేసుకుంటున్నరు!"

ఆమె అప్పుడు చారు పోపు పెడుతోంది. పొయ్యి తగ్గించి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, మా కార్ఖానాలోనే పనిచేసే ఎల్లయ్యను పిలిచింది.

"ఎల్లన్నా, కడ్డీ ఎందుకిప్పినవో సేటుకు చెప్పు."

ఎల్లయ్య నేల చూస్తూ నిలబడ్డాడు. "పోగు తెగితే అతకాలె కద సేటూ. కడ్డీ ఉంటే చెయ్యి తిన్నగ పోదు, వంగి కింది నుంచి పెట్టాలె. ఒక్కో పోగుకు ఎంతో కొంత టైం పోతది. దినమంత ఎన్ని పోగులు తెగుతయో నీకెర్కనే. ఆర్నెల్ల పోరి ఉంది ఊళ్లె, పగార్ నేసిన మీటర్ల మీద. కడ్డీ ఉంటే మీటర్లు తగ్గుతయి."

"ఇన్నవా?" అంది రాజక్క. "కడ్డీ నువ్వు దానమిచ్చినవ్. దాని ఖర్చు రోజూ ఈయన మీద పడ్డది. గందుకే ఇప్పిండు. కడ్డీ ఉన్న సాంచకు మీటరుకు పది పైసలు ఎక్కువియ్యి. పానా చేతుల పెట్టినా ఇప్పరు."

పది పైసలు. ఆమె అడిగింది అంతే. వినడానికి ఎంత చిన్నది! కానీ నేను వ్యాపారిని, దాని బరువు నాకు తెలుసు. కవరు ఏడాదికి ఒకసారి ఇస్తాం. పది పైసలు ప్రతి మీటరుకు, ప్రతి రోజూ ఇవ్వాలి, దానికి దండ వేయరు, ఫొటో తీయరు. పైగా అది దానం కాదు, హక్కయి కూర్చుంటుంది. నూలు ధర పెరిగి, బట్ట భావ్ పడిపోయి ఉన్న రోజులు. నేనొక్కణ్నే పెంచితే బట్ట కొనే వ్యాపారి పక్క గల్లీకి పోతాడు. ఇవన్నీ అబద్ధాలు కావు, నిజాలే. కనుక నేను "చూద్దాం" అన్నాను. కొట్లో కూర్చునేవాడు చూద్దాం అంటే దాని అర్థమేమిటో రాజక్కకు తెలుసు. "చూడకుంటనే సూద్దమంటవ్" అని, పొయ్యి పెద్దది చేసుకుంది.

మరుసటి వానాకాలంలో, పట్టపగలు, మా కార్ఖానాలోనే, నాడె ఎగిరి ఎల్లయ్య ఎడమకన్ను పోయింది. సాంచ మా బావ వాటాదో, నా వాటాదో అని ఆ రోజు నేను లెక్క చూసుకున్నాను. నాదే.

ఆ ఏటి శిబిరానికి ఎల్లయ్యను రాజక్కే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అతడు కవరు తీసుకోనని మొండికేస్తే ఆమే నచ్చజెప్పింది. ఇది ముఖ్యం, ఎందుకంటే ఆమె దానాన్ని ఈసడించేదని కొందరు చెప్పుకుంటున్నారు. పచ్చి అబద్ధం. బాకీపడ్డవాడికి ఆమె ఏనాడూ కంచం ఆపలేదు. లొల్లి పెట్టేది, పెడుతూనే వడ్డించేది. "ఆకలైనోనికి ముందుగాల అన్నమే పెట్టాలె. గని కంచం కడిగినంక అడగాలె కద, నీకు దినాం ఎందుకు ఆకలైతుంది అని" అనేది. ఆ రోజు ఎల్లయ్యతో అంది, "తీసుకో. ఇది కన్ను పైసలు కాదు, మందు పైసలు. కన్ను పైసలు నేను అడుగుత."

వేదికెక్కి మైకు అందుకుంది. "సేట్లందరికి దండం. నల్లద్దాలిచ్చిన్రు, సల్లగుండాలె. కడ్డీ ఉన్న సాంచకు మీటరుకు పది పైసలు..." అక్కడివరకే. మైకు నేను తీసుకున్నాను. లాక్కోలేదు, మర్యాదగా తీసుకుని, "ఇప్పుడు మన ముఖ్య అతిథి గారు" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు. మెట్లు దిగుతూ, "నల్లద్దాలు వచ్చే ఏటియి కూడ ఇప్పుడే చెప్పి పెట్టు సేటూ. ఎక్కువ తీసుకుంటే నీకు భావ్ కుదురుతది" అంది.

చెప్పి పెట్టాను. నిజంగానే కుదిరింది.

ఆ తరువాత ఎల్లయ్య కాశేలి గోదాముల్లో వాచ్‌మన్ పనికి తిరిగాడు. ఒక కన్ను వాచ్‌మన్ ఎవరికీ వద్దు. మళ్లీ సాంచ మీదికే వచ్చాడు, మిగిలిన కన్నుతో, కడ్డీ లేని సాంచ మీదికి. బిస్సీలో నాలుగో గ్లాసు కుడిపక్కకు మారింది.

ఆదివారం సంతాప సభ జరిగింది. హాలు నిండింది. వక్తలందరూ గద్గద స్వరాలతో మాట్లాడారు. అన్నపూర్ణ, త్యాగమూర్తి, నిరతాన్నదాత. ఆమె ఉండుంటే ముందు వరుసలోంచే అందరికీ తలా ఒకటి అంటించేది. మా బావ లేచి రాజక్క పేరిట ఏటేటా అన్నదానం ప్రతిపాదించాడు. చప్పట్లు. నా వంతు వచ్చింది. కాగితంలో అశ్రునివాళి ఉంది. అది మడిచి జేబులో పెట్టి, ఆమె వాక్యాన్ని ఎక్కడ ఆపానో అక్కడ నుంచి మొదలుపెట్టాను. కడ్డీ ఉన్న సాంచకు మీటరుకు పది పైసలు ఎక్కువ.

ఎవరూ కాదనలేదు. ఎవరూ ఔననలేదు. బావ మెల్లగా, "బావమరిదీ, దుఃఖంల ఉన్నవ్. కూసో" అన్నాడు. వెనక నుంచొకరు, "ధందా ఎట్లుందో నీకెర్క లేదా?" అన్నారు. ఎరుకే. అందుకే బేరానికి దిగాను. పది కాకుంటే ఎనిమిది. అన్ని సాంచలకు కాకుంటే గల్లీకొక కార్ఖానా. జీవితంలో మొదటిసారి నా బేరానికి అవతలివాడే లేడు. చివరికి, "సరే, నా ఎనిమిదింటికి నేనిస్త" అన్నాను. "నీయే కద. నీ ఇష్టం" అన్నాడు బావ. తరువాతి వక్తకు మైకు ఇచ్చారు. మర్యాదగానే.

భోజనాల దగ్గర కుర్రాళ్లు నేర్చుకున్న పద్ధతిలో అందరికీ గ్లాసు ఎడమపక్కన పెట్టుకుంటూ పోయారు. ఎల్లయ్య మోచెయ్యి తగిలి గ్లాసు బోర్లా పడింది, నీళ్లు అన్నంలోకి పారాయి. "చూసుకోవాలె కద అన్నా" అన్నాడు వడ్డించేవాడు. ఎల్లయ్య నీళ్లన్నమే కలుపుకోబోయాడు. విస్తరి మార్పించి, గ్లాసు కుడిపక్కన నేనే పెట్టాను. తల తిప్పి చూశాడు. రాజక్క కాదని తెలిసి మళ్లీ విస్తరి వైపు తిరిగాడు.

ఇప్పుడు మా కార్ఖానాలో ఎనిమిది సాంచలకు కడ్డీలున్నాయి, ఎనిమిదింటికి లేవు. నడుమ ఒక్క మనిషి పట్టే దారి. ఆ ఎనిమిది నాకంటే నాకని కార్మికులు కొట్లాడుకుంటున్నారు. వాటిలోంచే ఎల్లయ్యకు ఇప్పించాను. బావ నాతో మాట్లాడటం లేదు. పక్క కార్ఖానా సేటు నా ముందే, "ముసలితనంల పుణ్యం కావాల్నా?" అన్నాడు. పుణ్యం కాదు, పగార్ అని చెప్పాను. అర్థం కాలేదు. ఎన్నాళ్లు నిలబెట్టగలనో నాకూ తెలియదు. ఈ ఏటి నేత్ర శిబిరం కరపత్రం అచ్చుకు వెళ్లింది, నల్లద్దాలు నిరుడు కొన్నవే బోలెడున్నాయి.

రాజక్కకు నివాళి అంటే ఏం రాయాలో నాకు చేతకాలేదు. ఆమె పేరిట మరొక అన్నదానం ఈ ఊళ్లో సులభంగా దొరుకుతుంది. నాలుగు గ్లాసులను కుడిపక్కన పెడుతూ, ఐదోది పెట్టాల్సిన పని రాకూడదని సేట్ల వెంట పడి అడిగే మనిషి దొరకదు. బిస్సీ తాళం వేసి ఉంది. మొన్న అటు పోతూ ఆగాను. ఎనిమిది సాంచలు, అని గర్వంగా చెప్పబోయాను, మూసిన తలుపుకే. జవాబు నాకు ముందే తెలుసు. గుప్పెడు బియ్యం అరచేతిలో పరుచుకుని, తల ఎత్తకుండానే అడుగుతుంది.

"ఎనిమిదేనా సేటూ?"